అడుగని సెలవు

సెలవనునది నౌకరు అడుగునది, యజమాని ఇచ్చునది. కాని అడుగకయే వచ్చిపడి, మస్టరులో పేరు కొట్టివేయకయే పని మాత్రము నిలిపివేయునట్టి సెలవొకటి కలదు. దానిని చట్టము లే-ఆఫ్ అనును. కరీంనగరు, ఆదిలాబాదు సీమల కార్మిక వాడలలో ఆ మాటకు తెలుగు వెదకువారు లేరు.

1953లో పారిశ్రామిక వివాదాల చట్టమును సవరించి ఈ స్థితిని నిర్వచించిన శాసనకర్తలు, పని ఇయ్యలేకపోవుటకు గల కారణములలో మొట్టమొదట పేర్కొనినది బొగ్గు కొరత. విధి వైపరీత్యమేమో గాని, 2020 ఏప్రిల్‌లో కరోనా భయమున దేశము తలుపులు మూసికొన్న వేళ, ఉపరితల గనులలో త్రవ్వకము సాగుచుండగనే, కార్మికులు 'బాయి' అని పిలుచుకొను భూగర్భ గనులలో సింగరేణి బొగ్గు సంస్థ లే-ఆఫ్ ప్రకటించినది. బొగ్గు తీయువారే ఇంట కూర్చుండవలసి వచ్చినది.

అట్టివేళ ఏమి దక్కును? ఏడాది ఎడతెగని సర్వీసు గల కార్మికునకు మూలవేతనము, కరువు భత్యము కలిపిన మొత్తములో సగము. ఇది దయాధర్మము కాదు, హక్కు. ఒకరికి బదులుగా పనిచేయు బదిలీ కార్మికునకు, క్యాజువలుకు ఇది లేదు. ఈ సగము గనిలో దిగువారికే అని తలచు గుమాస్తాలు పెక్కుమంది కలరు. అది పొరపాటు, కలము పట్టువాడును చట్టము దృష్టిలో కార్మికుడే. మేనేజరు, నిర్ణీత పరిమితిని మించిన జీతము గల సూపర్వైజరు మాత్రము దీనికి వెలియై, తమ నియామక పత్రమే దిక్కుగా మిగులుదురు. 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతియును ఈ సగమును నిలుపుకొన్నది. కాని లే-ఆఫ్‌కు ముందు ప్రభుత్వానుమతి పొందవలసిన సంస్థల హద్దును నూరుమంది నుండి మూడువందలకు పెంచి, చిన్న మిల్లుల వారి రక్షణను పలుచన చేసినదని నా అభిప్రాయము.

లే-ఆఫ్ తాత్కాలికమను మాటను ఎంతవరకు నమ్మవచ్చునో ముత్యంపేట చెప్పును. అచటి నిజాం చక్కెర కర్మాగారమునకు, బోధను, మంబోజిపల్లి మిల్లులతో పాటు 2015 డిసెంబరు 23న లే-ఆఫ్ ప్రకటించిరి. 2019లో కంపెనీ లా ట్రిబ్యునలు ఆ సంస్థ ఆస్తుల విక్రయమునకు దారితీయు లిక్విడేషనుకు ఆజ్ఞాపించినది.

మరియొక మెలిక కలదు: పనివేళకు దినమునకొకసారి సంస్థకు వచ్చి కనబడని వానికి ఆ సగమును దక్కదు. కావున మీ గేటునకు అట్టి నోటీసు అంటించిన నాడు వెంటనే ఇంటికి మరలకుడు. హాజరు పుస్తకమడిగి సంతకము చేయుడు, మరునాడును పోయి చేయుడు.