అరటిపండు వృక్షఫలమగునా?

నిష్ఠాపరుడైన యూదుడొకడు అరటిపండు తొక్క యొలిచి నోటికడకు గొనిపోవుటకు ముందు ఒక్క క్షణమాగి, ఇది చెట్టున కాచినదా, లేక చెట్టని పిలువదగని యే మొక్కకో పుట్టినదా యని విచారించుకొనవలసి యుండునన్నచో మనబోంట్లకు వింతగానే తోచును. గెల దిగిన పిమ్మట అరటిబోదెను నఱకివేయుదుము. మరుసటి యేడు కాచునది ఆ బోదె గాదు, దాని ప్రక్కన లేచిన పిలక. ఈ సంగతి కోనసీమలో పసివానికిని తెలియును. పండు కోసికొన్న తరువాత కాండము నిలిచి మరల కాచునదే వృక్షమనియు, అట్లు నిలువనిది వృక్షము గాదనియు యూదుల ధర్మచర్చాగ్రంథమైన తల్ముదు పండితులు నిర్ణయించి యుండుటచేత, తినుటకు ముందు పలుకవలసిన స్తుతులలో చెట్టుపండ్ల స్తుతి అరటిపండునకు చెల్లదు. దుంపలకును కూరగాయలకును చెప్పు నేలపంటల స్తుతియే దానికిని చెప్పవలెను. బొప్పాయి విషయమున పండితులలో వివాదము నడచినది. బోలుకాండము గలదియు, నాటిన కొలదికాలముననే కాపునకు వచ్చునదియు నైన దానిని వృక్షమనుట యెట్లని శంకించి, బాగ్దాదు పండితుడు యోసెఫ్ హయీము దానిని అరటి పంక్తిలోనే కూర్చుండబెట్టెను.

ఈ స్తుతివాక్యమునకు హీబ్రూభాషలో 'బెరాఖా' యని పేరు. దానిని ఆశీర్వచనమని తెనిగించుట కలదు గాని, ఆ మాట కొంత భ్రాంతికి తావిచ్చును. ఏలయన భోజ్యవస్తువును పవిత్రము చేయుట దీని యుద్దేశము గాదు, ఆ వస్తువును సృజించిన విశ్వప్రభువును పేర్కొని కొనియాడుటయే. తిని తృప్తినొందిన పిమ్మట దేవుని స్తుతింపవలెనను విధికి ద్వితీయోపదేశకాండము ఎనిమిదవ అధ్యాయము మూలము. తినుటకు ముందు స్తుతింపవలెనని మాత్రము మోషే ధర్మశాస్త్రమైన తోరాలో స్పష్టమైన విధి లేదు. అది రబ్బీలు ఏర్పఱచినది. కడుపు నిండినవాడు స్తుతింపవలసి యుండగా ఆకలిగొన్నవాడు స్తుతింపకుండుట యెట్లని వారు మొదట తర్కించిరి. ఆ తర్కము అన్నిటికిని చాలదని తోచి, తుదకు వేఱొక యూహను ఆశ్రయించిరి. ఆ యూహ నాకు మిక్కిలి ప్రియమైనది. భూమియు దానియందలి సమస్తమును దేవునివే యని కీర్తనల గ్రంథమున ఒకచోట నున్నది. భూమిని ఆయన నరుల కిచ్చివేసెనని మఱియొకచోట నున్నది. రెండును ఎట్లు పొసగును? మొదటిది స్తుతికి ముందటి స్థితి, రెండవది స్తుతికి తరువాతి స్థితి యని వారి సమాధానము. స్తుతి పలుకువఱకు చేతిలోని పండు పరుని సొత్తు. పలుకకయే తిన్నవాడు దేవాలయద్రవ్యమును సొంతమునకు వాడుకొన్నవానితో సమానుడు. కావున దీనిని కృతజ్ఞత యనుటకంటె అనుమతి వేడుట యనుటయే నాకు యుక్తముగా తోచును.

అనుమతి వేడునపుడు ఏ వస్తువును వేడుచున్నాడో స్పష్టముగా చెప్పవలెను గదా! మన పెద్దలు ఔపోసనము పట్టునపుడు విస్తరిలో పులిహోర యున్నను పప్పుచారున్నను మంత్రము మాఱదు, యూదులకు మాఱును. క్రీ.శ. 200 ప్రాంతమున యెహూదా హనాసీ సంకలనము చేసిన ధర్మగ్రంథమగు మిష్నాలో మొట్టమొదటి భాగము పేరే 'బెరాఖోత్'. దాని యాఱవ అధ్యాయము ఈ విభజనకు పుట్టినిల్లు. గోధుమ, యవలు మొదలగు ఐదు ధాన్యముల రొట్టెకు 'హమోత్సీ', ఆ ధాన్యములతోనే చేసిన యితర వంటకములకు 'మెజోనోత్', ద్రాక్షాసవమునకు 'హగాఫెన్', చెట్టుపండ్లకు 'హాఎత్స్', నేలపంటలకు 'హాఅదామా', నీరు పాలు మాంసము గ్రుడ్లు మున్నగు తక్కినవాని కన్నిటికి 'షెహకోల్' అని యిప్పుడు వాడుకలో నున్నవి యాఱు. పుట్టగొడుగు నేలను చీల్చుకొని లేచునదే యైనను నేలనుండి పోషణము గొనదని చెప్పి, దానిని షెహకోలులో చేర్చిరి. చెరకు నమిలినను షెహకోలే. రసము పీల్చి పిప్పి యుమిసివేయు వస్తువును ఫలమనుట యెట్లు? యోసెఫ్ కారో రచింపగా 1565లో వెనిసు నగరమున అచ్చుపడిన 'షుల్హన్ ఆరూఖ్' అను ధర్మసంహిత అట్లే విధించుచున్నది.

వరియన్నము మాట మనకు వినదగినది. వరి ఆ ఐదు ధాన్యములలో చేరదు గావున, బియ్యపురొట్టె శాస్త్రదృష్టిలో రొట్టెయే గాదు. అయినను కడుపు నింపి సత్తువ నిచ్చుటలో అది ధాన్యములకు తీసిపోదని యెంచి, తల్ముదు దానికి ముందు చెప్పు స్తుతిగా మెజోనోతునే విధించి, తిన్న పిమ్మట చెప్పుటకు మాత్రము సామాన్యమైన చిన్న స్తుతి చాలునన్నది. ఎదురేగునపుడు పెద్ద మర్యాద, సాగనంపునపుడు చిన్న మర్యాద యన్నమాట. తల్ముదులోని పదమునకు అర్థము వరియా, లేక వేఱొక చిఱుధాన్యమా యని ఐరోపా పండితులు కొందఱు సందేహించిరి. వరి పండని సీమలవారికి అట్టి సందేహము సహజమే. మన దేశమున కొంకణతీరపు బెనే ఇస్రాయేలు యూదులు ఏలీయా ప్రవక్త పేర జరుపుకొను 'మలీదా' వేడుకలో తీపి కలిపిన అటుకులు, కొబ్బరి, పండ్లు పళ్లెమున నుంచి స్తుతులు పలికి పంచుకొందురు.

హిందూదేశపు ప్రసక్తి ఆ తల్ముదులోనే కలదు. ఎండుమిరియమును వట్టిగా నమలువానికి స్తుతియే లేదు, అది యట్లు తినదగిన వస్తువు గాదు గావున. కాని హిందువుల దేశమునుండి వచ్చు 'హిమల్తా' యను పాకమునకు నేలపంటల స్తుతి చెప్పవలెనని యున్నది. అల్లము వంటి ద్రవ్యములను తేనెలో కలిపి నిలువచేసినదని వ్యాఖ్యాత లందురు. పదునైదు వందల యేండ్లకు పూర్వము బాబిలోను పాఠశాలలో పండితులు మన యల్లపుపాకమును ముందుంచుకొని వాదించుకొనుట తలచుకొన్నప్పుడెల్ల నాకు నవ్వును గర్వమును కలుగును.

దప్పిగొని నీరు త్రాగువాడు షెహకోలు చెప్పవలెను. గొంతున ముద్ద యడ్డుపడగా దానిని దింపుకొనుటకు గ్రుక్కెడు నీళ్లు మ్రింగువాడు చెప్పనక్కఱలేదు, వాడు నీటివలన సుఖమనుభవింపలేదు గావున. సువాసనకు, కడుపులోనికి ఏమియు పోకున్నను, స్తుతి కలదు; అది ఆత్మకు కలుగు సుఖమని చెప్పుదురు. ముందు చెప్పు స్తుతికి పరిమాణము లేదు, ఒక్క దానిమ్మగింజ చాలును. వెనుక చెప్పుదానికి ఓలివకాయంత తినియుండవలెను.

స్తుతి పలికిన క్షణమునుండి మొదటి ముద్ద మ్రింగువఱకు మాటలాడరాదు. ఈ మౌనమునకు భంగము గాని మాట లేవి యని పండితులు చర్చించిరి. 'పుచ్చుకొను'మని రొట్టె నందించు మాట భోజనమునకు సంబంధించినదే గావున దోషము గాదని రవ్ అను నాచార్యు డనెను. ఉప్పు తెమ్మనుట, నంజుకొనుటకు కూర తెమ్మనుట కూడ దోషము గాదని యోహానాను పండితుడనెను. షేషెతను పండితుడు ఇంకను ముందునకు పోయి, ఎడ్లకు కుడితి కలుపుమనినను దోషము లేదనెను. ఏలయన తన పశువులకు మేత వేయకుండ తాను తినుట కూడదను నియమము అంతకు ముందే యున్నది. నోటిలో దేవుని నామము పలికి ముద్ద యెత్తినవానికి గూడ కొట్టములోని యెడ్లు గుర్తుకు వచ్చుటను అంతరాయమని యెంచని శాస్త్రమును నేను మఱియొకటి యెఱుగను.

పలు వస్తువులు ఒక్కమాఱు ముందునకు వచ్చినపుడు దేనికి అగ్రపూజ యను చిక్కు కలదు. రొట్టెకు ద్రాక్షాసవముకంటె పెద్దఱికము. శుక్రవారము రాత్రి సబ్బాతు వేడుకలో ఆసవమునకే ముందుగా స్తుతి చెప్పవలసి వచ్చుటచేత, రొట్టె చిన్నబోవునని దానిపై వస్త్రము కప్పుదురని చెప్పు కారణము ప్రసిద్ధము. బార్ కప్పారా యను గురువు ఇద్దఱు శిష్యులతో భోజనమునకు కూర్చుండగా, ఉడికిన క్యాబేజీ, దమస్కు ఆలుబుఖారాపండ్లు, పక్షిమాంసము వచ్చెను. గురువు ఒక శిష్యునకు అనుమతి నీయగా, అతడు తొందరపడి మాంసమునకు స్తుతి చెప్పెను. రెండవవాడు నవ్వెను. గురువునకు కోపము వచ్చినది. మాంసము నెన్నడు నెఱుగనివానివలె వాడు ఎగబడెనేని, వానిని చూచి నవ్వుటకు నీ వెవడవని నవ్వినవానిని మందలించెను. ఇక్కడ విద్య లేకపోయినను వయస్సు కూడ లేదా, నన్నడుగరాదా యని స్తుతించినవానిని మందలించెను. ఆ యేడు గడవకుండగనే శిష్యు లిద్దఱును మరణించిరని కథ. కూరకు ప్రత్యేకస్తుతి యుండుటచేత అది ముందా, మాంసము ప్రియతరము గావున అది ముందా యనునది ఆ కథ వెనుకనున్న వివాదము. శిక్ష కఠినమే యని నా యభిప్రాయము. అయితే గురువు నవ్వినవానిని తప్పించుకొననీయకపోవుట నాకు నచ్చినది.

ఇంతటి సూక్ష్మత గల శాస్త్రము పొరపాటునకు మాత్రము ఉదారమైనది. చెట్టుపండునకు నేలపంటల స్తుతి చెప్పినను చెల్లును, చెట్టు నిలిచియున్నది నేలమీదనే గదా. నేలపంటకు చెట్టుపండ్ల స్తుతి చెప్పినచో చెల్లదు. దేనికైనను షెహకోలు చెప్పినవాని బాధ్యత తీరినట్లే. చెప్పితినో లేదో యని సంశయము కలిగినచో మరల చెప్పరాదు, దేవుని నామమును వ్యర్థముగా నుచ్చరించుటకంటె మానుట మేలు గావున.

బెంజమీనను పసులకాపరి కథయు తల్ముదులో నున్నది. అతడు రొట్టె తిని, పండితుల హీబ్రూవాక్యము లెఱుగక, తన యింటిభాషయైన అరమెయికున ఈ రొట్టెకు యజమానియైన దయామయుని స్తుతించెను. భోజనానంతరస్తుతిలో మొదటి భాగము దానితో తీరినదని రవ్ తీర్పు చెప్పెను. స్తుతులను ఏ భాషలోనైనను చెప్పవచ్చునని పండ్రెండవ శతాబ్దపు మైమోనిదీసు తన ధర్మసంహితలో వ్రాసినాడు. తాము ఎఫ్రాయీము గోత్రీయులమని చెప్పుకొను కొన్ని కుటుంబములు గుంటూరు జిల్లా చేబ్రోలు చేరువనున్న కొత్తరెడ్డిపాలెమున యూదాచారములు పాటించుచు నివసించుచున్నవి. వారి మాతృభాష తెలుగు.