గేటు దగ్గర నన్ను పట్టించిన రేకు

మొన్న మాల్‌లో బిల్లు కట్టి బయటికొస్తుంటే గేటు బీప్‌మంది. బిల్లు చూపించినా సెక్యూరిటీ అన్న బ్యాగంతా వెతికాడు. పక్కనే అమ్మ. తల కొట్టేసినట్టయింది!

ఇంటికొచ్చి షర్టుకున్న తెల్ల ట్యాగ్ చించి చూశా. లోపల పల్చటి రేకులు. ఒకటి మామూలు అయస్కాంతమే. రెండోదే విచిత్రం. కరిగిన లోహాన్ని గిర్రున తిరిగే చక్రం మీద పోసి, సెకనుకు సుమారు 10 లక్షల డిగ్రీల వేగంతో చల్లారుస్తారు. పరమాణువులకి వరసలో నిలబడే టైమే ఉండదు, గాజులోలా చిందరవందరగా ఆగిపోతాయి. అయినా అయస్కాంతత్వం పోదు! పైగా స్ఫటికాల సరిహద్దులు అడ్డులేక ఇట్టే దిశ మార్చుకుంటుంది. గేటు పంపే 58 కిలోహెర్ట్జ్ సంకేతానికి ఆ రేకు సాగుతూ ముడుచుకుంటూ కంపిస్తుంది. సంకేతం ఆగాక కూడా కాసేపు కంపిస్తూనే ఉంటుంది, గేటు పట్టేది దాన్నే. కౌంటర్లో మొదటి రేకు అయస్కాంతత్వం తీసేస్తే ట్యాగ్ మూగబోతుంది.

మా కౌంటర్ అబ్బాయి మర్చిపోయింది అదే.