ఈ-చౌపాల్
ఈ-చౌపాల్ అనేది రైతుల నుండి పంటను నేరుగా కొనడానికి ఐటీసీ సంస్థ 2000లో మధ్యప్రదేశ్‌లో సోయా చిక్కుడు పంటతో ప్రారంభించిన ఈ-వ్యాపార వ్యవస్థ. హిందీలో చౌపాల్ అంటే గ్రామస్థులు కూడి మాట్లాడుకునే చోటు, మన రచ్చబండ వంటిది.

అంతకు పూర్వం పంటను మార్కెట్టు యార్డుకు చేర్చిన తరువాత గాని రైతుకు ధర తెలిసేది కాదు. తిరిగి తీసుకుపోయే ఖర్చుకు వెరచి, వేలంలో పలికిన ధరకే అమ్ముకునేవాడు. ఈ వ్యవస్థలో సంచాలకుడనే స్థానిక రైతు ఇంట కంప్యూటరును నెలకొల్పి, ధరలను, వాతావరణ సమాచారాన్ని ముందుగానే అందించారు. ధర నచ్చని రైతు యార్డుకే వెళ్ళవచ్చు.

దళారి రుసుము, రవాణా ఖర్చు తగ్గడం సంస్థకు కలిగిన లాభం. అయితే దళారులను పూర్తిగా తొలగించలేదు. పలువురిని సంయోజకులుగా చేర్చుకుని సరకు సేకరణ, చెల్లింపుల వంటి పనులు అప్పగించారు. కంప్యూటరు ధర చెప్పగలదు గాని బస్తాలు మోయలేదు కదా!