కామెట్ విమాన వృత్తాంతము

1952 మే 2వ తేదీన కామెట్ అను విమానము లండను నుండి ప్రయాణికులతో జొహానెస్‌బర్గునకు బయలుదేరెను. ముందు తిరుగు పంకాలు లేక, వెనుకకు వెడలు వాయుధార బలముచే సాగు జెట్ విమానము టిక్కెట్టు కొన్నవారిని క్రమముగా కొనిపోవుట కదియే ప్రథమము. అప్పటికి అమెరికావంటి సంపన్నదేశమునందును అట్టి ప్రయాణవిమానము నడచుట లేదు. యుద్ధముచే అప్పులపాలై, ఆ సంవత్సరమునగూడ పంచదారకును మాంసమునకును రేషను విధించుకొనియుండిన బ్రిటను ఈ పనిని ముందు సాధించినది. ఆ విజయము రెండేండ్లకే ఎట్లు తారుమారయ్యెనో, అందు కెవరెవరు ప్రాణములతో వెల చెల్లించిరో పాఠకులకు విన్నవింప నెంచితిమి. ఆ కథలో మన కలకత్తాకును భాగము కలదు.

యుద్ధకాలమున అమెరికావారు రవాణావిమానములను విరివిగా చేసికొనుచుండగా, బ్రిటను కర్మాగారములు బాంబరులు, ఫైటరులతోడనే మునిగియుండెను. శాంతి వచ్చిన పిమ్మట ఆకాశమార్గములన్నియు అమెరికావారి వశమగునను భయముతో 1942 డిసెంబరులోనే బ్రబజోన్ ప్రభువు అధ్యక్షుడుగా ఒక సంఘమును నియమించిరి. ఆ సంఘపు సిఫారసుల ఫలితము లన్నియు ఒకేతీరున లేవు. అధ్యక్షుని పేరనే వెలసిన బ్రబజోన్ విమానము రెక్కల కొననుండి కొనకు 230 అడుగులు, ఎనిమిది ఇంజనులు, ఎక్కువారు నూరుగురు మాత్రము. దాని పరుగుబాట కొరకు ఫిల్టన్ చెంత చార్ల్టన్ అను పల్లెను పడగొట్టిరి. 1949 సెప్టెంబరులో అది ఎగిరెను. కొనువారు లేక 1953లో దానిని ముక్కలుచేసి పాతయినుముగా అమ్మివేసిరి. పల్లెయు పోయెను, విమానమును పోయెను! ఆ సంఘపు సిఫారసులనుండియే పుట్టిన వైకౌంట్ మాత్రము నాలుగువందలకు పైగా అమ్ముడుపోయెను. మన ఇండియన్ ఎయిర్‌లైన్సువారును 1957 నుండి దానిని నడపిరి.

కామెట్టును నిర్మించినవారు హాట్‌ఫీల్డునందలి డీహావిలాండు కంపెనీవారు. 1949 జులై 27న జాన్ కన్నింగ్‌హాం దానిని మొదట ఎగురవేసెను. ముప్పదియారుగురు ప్రయాణికులతో, 35 వేల అడుగులకు మించిన ఎత్తున, మేఘమండలమునకు పైగా కుదుపులేక అది సాగిపోవుచుండెను. అంత యెత్తున గాలి మిక్కిలి పలుచన. మనిషి శ్వాసించి బ్రదుకజాలడు. కావున విమానములోపల గాలిని ఒత్తిడితో నింపవలెను. ప్రతి ప్రయాణమునందును విమానపు దేహము బుడగవలె పొంగి, దిగినప్పుడు మరల సడలును. ఇనుపతీగను అటునిటు పలుమారు వంచినచో ఏమగునో పల్లెటూరి పిల్లలు సైత మెరుగుదురు. ఆ తీగకు పట్టిన గతియే పలుచని అల్యూమినియము రేకునకును పట్టునని శాస్త్రజ్ఞులు తెలిసియే యుండిరి. ఎన్ని ప్రయాణములకు పట్టును? వారు పొరపడిన దిచ్చటనే.

సరిగా ఏడాది గడచిన నాడు, 1953 మే 2న, సింగపూరునుండి లండను పోవు కామెట్ ఒకటి దండం విమానాశ్రయమున దిగి, సాయంకాలము ఢిల్లీకి బయలుదేరెను. నిమిషములు గడవకమున్నే వంగదేశమున వేసవిలో లేచు గాలివానలో చిక్కి ముక్కలై నేలకూలెను. అందున్న 43 గురును మరణించిరి. మనదేశమున జరిగిన విచారణలో, గాలివాన తాకిడిచే విమానపు కట్టడము విరిగినదని తేల్చిరి.

1954 జనవరి 10న రోమునుండి లేచిన కామెట్ ఎల్బా ద్వీపముచెంత సముద్రమున కూలెను. 35 గురు మృతులైరి. ఆ దినమున గాలివానను నిందించుటకు వీలులేదు. విమానములను నిలిపి, అనుమానము తోచిన భాగముల నెల్ల మార్చి, అసలు కారణము చిక్కకయే మార్చి నెలలో మరల నడపసాగిరి. ఏప్రిల్ 8న నేపుల్సుచెంత మరియొకటి కూలి 21 గురు మృతిచెందిరి. మొదటి రెండు ప్రమాదములను దైవఘటన యనుకొనినను, ఈ మూడవదానికి మాత్రము తొందరపాటే కారణమని మా నిశ్చితాభిప్రాయము. కారణ మెరుగక చేసిన మరమ్మతు మరమ్మతు కాదు.

అటుపిమ్మట జరిగిన పరిశోధన మాత్రము ప్రశంసార్హమైనది. ఫార్న్‌బరో పరిశోధనాలయమున సర్ ఆర్నల్డ్ హాల్ ఆధ్వర్యమున నిండు విమానము నొకదానిని, రెక్కలు మాత్రము వెలుపల నుండునట్లు, నీటితొట్టిలో నిలిపిరి. లోపలను నీటిని నింపి ఒత్తిడిని పెంచుచు తగ్గించుచు, రేయింబవళ్లు ప్రయాణముల ననుకరించిరి. నీటినే ఏల వాడవలెను? రేకు పగిలినపుడు గాలియైనచో బాంబువలె ప్రేలి సాక్ష్యమునెల్ల చెదరగొట్టును, నీరు చెదరగొట్టదు. ఆ విమానము అదివరకే 1,221 మారులు ఎగిరియుండెను; తొట్టిలో మరి 1,836 మారులు ఒత్తిడికి తాళి, జూన్ నెలలో దాని దేహము ఒక ద్వారపుమూలనుండి చీలెను. సముద్రగర్భమునుండి బ్రిటిషు నౌకాదళమువారు వెలికిదీసిన ఎల్బా విమానపు శకలములందును అట్టి పగులే కనబడెను. ఆ విమానము ఎగిరినది 1,290 మారులే. నేపుల్సుచెంత కూలినది 900 మారులే.

మరి కంపెనీవారు ముందుగా పరీక్షింపలేదా? పరీక్షించిరి. వారి నమూనా పదహారువేల మారులకు తాళెను. వింత యేమనగా, ఆ నమూనాపై అంతకుముందే మిక్కుటమైన ఒత్తిడిని ప్రయోగించి దాని బలమును చూచియుండిరి. ఆ ఒత్తిడిచే మూలలయందలి లోహము సాగి గట్టిపడి, అలసటకు ఓర్చుశక్తిని గడించెను. ప్రయాణికు లెక్కిన విమానముల కట్టి సంస్కారము జరుగలేదు. పరీక్షలో నెగ్గిన వస్తువొకటి, జనులెక్కిన వస్తువు వేరొకటి. మూలలపై పడు ఒత్తిడియు వారు లెక్కించినదానికంటె అధికముగా నుండెను.

కోహెన్ ప్రభువు బహిరంగముగా విచారణ జరపెను. 1955లో నివేదిక ప్రకటితమయ్యెను. తమ లోపమును దాచక లోకమునకు చాటుటచే పోటీదార్లకును ఆ జ్ఞానము ఉచితముగా లభించెను. బ్రిటను వ్యాపారమున నష్టపడినది, ప్రయాణికలోకము లాభపడినది. ఆ నివేదికను దాచియుండినచో ఎన్ని దేశముల విమానము లెన్ని కూలెడివో!

సరిదిద్దిన కామెట్-4 1958 అక్టోబరు 4న అట్లాంటికు నదాటి ప్రయాణికులను చేర్చెను. అందును బ్రిటిషువారే మొదటివారు. కాని ఆ ఘనత మూడువారములే. అదే నెల 26న అమెరికావారి బోయింగు 707 ఎక్కువమందిని ఎక్కించుకొని అట్లాంటికును దాటెను. విమానసంస్థలు లెక్క చూచుకొన్నవి. కామెట్లు మొత్తము నూటికి కొంచెము పైగా తయారుకాగా, 707లు ఇంచుమించు వేయి తయారయ్యెను.

మన ఎయిరిండియావారు జెట్ విమానములు కొనవలసివచ్చినపుడు బోయింగునే ఎన్నుకొనిరి. వాని దేహము అమెరికాది. వాని రెక్కలక్రింద అమర్చిన కాన్వే ఇంజనులు మాత్రము బ్రిటనునందలి రోల్స్‌రాయిస్ వారివి.