ఏ గ్రూపు తీసుకోవాలి ప్రభువా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన తరువాతి ఆదివారం మన సంఘాలలో సందడే వేరు. కృతజ్ఞతార్పణలు, సాక్ష్యాలు, మిఠాయిలు. ఆరాధన ముగిసి చెప్పులు వేసుకునేలోగా పెద్దలంతా పిల్లలను అడిగే ప్రశ్న ఒకటే. ‘ఏ గ్రూపు?’ ఎంపీసీ అనో, బైపీసీ అనో టక్కున చెప్పినవారి భుజం తట్టి దీవిస్తాం. ‘ఇంకా ఏమీ అనుకోలేదండీ’ అన్నవారిని జాలిగా చూస్తాం. ‘ప్రార్థన చేసుకోమ్మా’ అనేసి ముందుకు కదులుతాం.

పదిహేనేళ్ల వయసులో జీవితమంతా ఏం చేయాలో తెలియకపోవడం తప్పా? అది అవిశ్వాసమా? వాక్యం అలా చెప్పడం లేదు. ఎక్కడికి వెళ్తున్నాడో తెలియకుండానే అబ్రాహాము బయలుదేరాడని, అదే అతని విశ్వాసమని హెబ్రీ పత్రిక సాక్ష్యమిస్తోంది (11:8). ఫలానా పట్నంలో ఏడాది ఉండి ఇంత సంపాదిస్తామని లెక్కలు వేసుకున్నవారినే యాకోబు హెచ్చరించాడు (4:13-15). రేపటి సంగతి తనకు తెలియదని ఒప్పుకున్నవాడిని అతడు గద్దించలేదు. కాబట్టి ‘తెలియదు’ అనే మాట మన పిల్లల నోట వచ్చినప్పుడు కంగారు పడనక్కర్లేదు. అది ప్రార్థనకూ ఆలోచనకూ మొదటి మెట్టు కాగలదు.

సౌలు కవచం

గొల్యాతు మీదికి వెళ్లబోతున్న దావీదుకు సౌలు రాజు తన యుద్ధవస్త్రాలు తొడిగించాడు, శిరస్త్రాణం పెట్టించాడు. ఉద్దేశం మంచిదే. కానీ వాటితో నడవబోయిన దావీదు, తనకు అవి అలవాటు లేదని చెప్పి తీసివేశాడు. తన చేతికి తెలిసిన వడిసెలనే పట్టుకొని వెళ్లాడు (1 సమూయేలు 17:38-40). నేడు ఎన్నో ఇళ్లలో తండ్రికి రాని మెడికల్ సీటు, తల్లికి అందని ఉద్యోగం, పక్కింటివారి అబ్బాయి అమెరికా ప్రయాణం కలిసి ఒక కవచమై పిల్లల ఒంటి మీదికి వస్తున్నాయి. బరువుగా ఉందని చెబితే అమ్మానాన్నల మనసు నొచ్చుకుంటుందని పిల్లలు మౌనంగా మోస్తున్నారు.

జెబెదయి కుమారుల తల్లి ప్రభువును ఏమడిగిందో మనకు తెలుసు. ఒక కొడుకు కుడివైపున, మరొక కొడుకు ఎడమవైపున కూర్చోవాలని. మన ఇళ్లలో అదే కోరిక ఒకరు ఇంజినీరు, మరొకరు డాక్టరు కావాలన్న రూపంలో వినిపిస్తుంది. ప్రభువు ఆమెను కసురుకోలేదు. అయితే అడుగుతున్నదేమిటో తెలియకుండా అడుగుతున్నారని చెప్పి, ఆ గిన్నెలోనిది తాగగలరా అని కుమారులనే ప్రశ్నించాడు (మత్తయి 20:20-22). మోయవలసింది కుమారులు గనుక జవాబు చెప్పవలసిందీ వారే. గ్రూపు విషయంలోనూ ఆ ప్రశ్న మన పిల్లలనే అడగాలి. జవాబు చివరిదాకా వినాలి.

ఇది చిన్న విషయం కాదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడిన తరువాత ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఏడాది ఫలితాల్లో జరిగిన పొరపాట్లపై ఎంతో చర్చ జరిగింది. ఒక్కొక్క బిడ్డ మనసులో ఏముందో దేవునికే ఎరుక. కానీ మార్కులు పోతే ఇంట్లో తన చోటు కూడా పోతుందని ఏ బిడ్డా అనుకోకుండా చూసుకోవడం మాత్రం మన చేతిలోనే ఉంది. మీ బిడ్డ తిండి, నిద్ర మానేసి ముభావంగా ఉంటే ప్రార్థనతో పాటు వైద్య సలహా తీసుకోవడానికి సంకోచించకండి. ప్రభుత్వపు టెలి మానస్ నంబరు 14416కు ఎవరైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

చీట్లు కాదు, జ్ఞానం

కొందరు విశ్వాసులు రెండు చీట్లు రాసి బైబిలులో పెట్టి, ప్రార్థన చేసి ఒకటి తీస్తారు. అపొస్తలులు కూడా చీట్లు వేశారు కదా అంటారు. నిజమే, మత్తీయను ఎన్నుకున్నప్పుడు వేశారు (అపొ. కార్య. 1:26). అయితే అది పెంతెకొస్తుకు ముందు జరిగిన సంగతి. పరిశుద్ధాత్మ దిగివచ్చిన తరువాత సంఘం చీట్లు వేసినట్టు ఎక్కడా కనిపించదు. యెరూషలేములో పెద్ద చిక్కు వచ్చినప్పుడు వారు కూడుకున్నారు, ఇరుపక్షాలూ విన్నారు, లేఖనం చూశారు, ఆత్మ నడిపింపులో ఒక తీర్మానానికి వచ్చారు (అపొ. కార్య. 15). జ్ఞానం కొదువగా ఉన్నవారు దేవుణ్ణి అడగాలని యాకోబు చెప్పాడు (1:5). అడగవలసింది చీటీ కాదు, జ్ఞానం. జ్ఞానం అడిగినవారు కళ్లు తెరిచి చూడాలి కూడా.

చూడవలసినవి కొన్ని ఉన్నాయి. ఎంపీసీ తీసుకుంటే ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, ఎన్‌డీఏ ద్వారా వైమానిక, నౌకాదళాల వైపు దారులుంటాయి. బైపీసీ తీసుకుంటే వైద్యం, దంతవైద్యం, పశువైద్యం, వ్యవసాయం, నర్సింగ్ ఉంటాయి. బీఫార్మసీకి ఈ రెండు గ్రూపులవారూ వెళ్లవచ్చు. అయిదేళ్ల లా కోర్సుకు, బీఏకు, సీఏకు, ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయ శిక్షణకు సీఈసీ, హెచ్‌ఈసీ, ఎంఈసీ చదివినవారు కూడా అర్హులే. సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా చాలు. చేతిపని మీద మక్కువ ఉన్నవారు పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరి, తరువాత ఈసెట్ ద్వారా బీటెక్ రెండో సంవత్సరంలోకి వెళ్లవచ్చు. 

ఎటూ తేల్చుకోలేని పిల్లలకు ‘ఎక్కువ తలుపులు తెరిచి ఉండే గ్రూపు తీసుకో’ అని చెప్పడం మంచి సలహానే. కానీ దానికీ ఒక హద్దు ఉంది. లెక్కలంటే గుండె దడ పుట్టే బిడ్డకు ఎంపీసీ తెరిచే తలుపుల వల్ల ఉపయోగమేమిటి? తాను ఎన్నడూ దాటని గడప కోసం రెండేళ్లు కన్నీళ్లతో కాపలా కాయించడం అవుతుంది. అందుకే మూడు ప్రశ్నలు వేసుకోమంటాం. ఎవరూ చెప్పకపోయినా నీవు తెరిచే పుస్తకం ఏది? స్నేహితునికి విడమరచి చెప్పగలిగిన పాఠం ఏది? ఏ తలుపు మూసుకుపోతే నిజంగా బాధపడతావు? ఈ మూడింటికీ జవాబు ఒకేవైపు చూపిస్తుంటే అటు అడుగు వేయవచ్చు.

మూసుకున్న తలుపులు కూడా కొన్నిసార్లు మళ్లీ తెరుచుకుంటాయి. ఇంటర్ తరువాత బయాలజీని అదనపు సబ్జెక్టుగా చదివి పాసైనవారు కూడా నీట్ రాయవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023లో ప్రకటించింది. మన తొందరలో మనమే ఒక్క జూన్ నెలను తీర్పుదినంగా మార్చేస్తున్నాం.

వడ్రంగి చేతులు

డాక్టర్ పాల్ బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీ దంపతులకు జన్మించారు. చదువు కోసం ఇంగ్లండు పంపారు. బంధువు ఒకరు వైద్యవిద్యకు డబ్బు కడతామన్నా ఆయన వద్దన్నారు. చిన్ననాడు తండ్రి రోగుల పుండ్లు కడుగుతుండగా చూసి, రక్తమన్నా చీమన్నా ఆయనకు ఏవగింపు కలిగింది. మిషనరీగా ఇళ్లు కట్టవచ్చునని కొన్నేళ్లు వడ్రంగం, తాపీపని నేర్చుకున్నారు. ఆ తరువాత మిషనరీల కోసం ఉన్న చిన్న వైద్య శిక్షణలో చేరినప్పుడు, ప్రాణం పోతున్న ఒక యువతికి రక్తం ఎక్కించగా ఆమె కళ్లు తెరవడం చూశారు. అక్కడ ఆయన మనసు తిరిగింది. తరువాత వైద్యం చదివి 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. కుష్ఠువ్యాధితో వంకరపోయిన చేతులకు నరాలు, కండరాల తీరు గమనించి శస్త్రచికిత్స చేసి, అవి మళ్లీ కదిలేలా చేశారు. చేతులు బాగుపడినవారికి బ్రతుకుతెరువు కావాలి గనుక తనకు తెలిసిన వడ్రంగం నేర్పించారు.

పదహారేళ్ల పాల్ బ్రాండ్‌ను ‘ఏ గ్రూపు?’ అని మన ఆవరణలో ఎవరైనా అడిగి ఉంటే ‘డాక్టరు మాత్రం కాను’ అని ఉండేవారు. ఆ ఏళ్లు వృథా కాలేదు. రంపం పట్టిన చేతినే దేవుడు కత్తి పట్టించాడు. ప్రత్యక్ష గుడారపు పని కోసం బెసలేలును తన ఆత్మతో నింపినవాడు (నిర్గమ 31:2-5), చేతిపనిని తక్కువగా చూడలేదు. పౌలు కూడా డేరాలు కుట్టే విద్యతోనే కొరింథులో తన పోషణ చూసుకున్నాడు (అపొ. కార్య. 18:3).

అదే పౌలు ఆసియలో వాక్యం చెప్పాలనుకుంటే ఆత్మ ఆటంకపరిచాడు. బితూనియకు వెళ్లాలనుకుంటే వెళ్లనివ్వలేదు. త్రోయకు చేరిన తరువాతే మాసిదోనియ పిలుపు వచ్చింది (అపొ. కార్య. 16:6-10). ఆయన కూర్చుని దర్శనం కోసం ఎదురుచూడలేదు. నడుస్తున్నవాడికే మలుపు చూపబడింది.

సంఘ కాపరులకూ పెద్దలకూ ఒక మనవి. సెలవుల్లో ఒక శనివారం సాయంత్రం పదో తరగతి ముగించిన పిల్లలను, వారి తల్లిదండ్రులను పిలవండి. మన సంఘంలోనే ఉన్న నర్సమ్మను, లాయరుగారిని, ఎలక్ట్రీషియన్‌ను, పంతులమ్మను, బ్యాంకు ఉద్యోగిని వారి ఎదుట కూర్చోబెట్టండి. తమ పనిలో కష్టమేమిటో, సంతోషమేమిటో, అక్కడికి ఏ దారిన వచ్చారో చెప్పమనండి. చాలామంది అనుకున్న దారిన రాలేదని పిల్లలకు అప్పుడు తెలుస్తుంది.

ఆ తరువాత బిడ్డ ఒక గ్రూపు ఎంచుకుంటే తల్లిదండ్రులు తల మీద చేయి వేసి ఆశీర్వదించండి. ‘ఇది కుదరకపోతే ఇంకొకటి చూద్దాం, నీవు మాత్రం మాకు కావాలి’ అని నోరు తెరిచి చెప్పండి. పిల్లలూ, రెండేళ్ల పుస్తకాలు నమ్మకంగా చదవండి. అవి ముగిసేనాటికి మరో అడుగుకు సరిపడా వెలుగు దేవుడు ఇస్తాడు.