కాలా అజార్ కవచం

ఒకప్పుడు ఉత్తర బీహార్ పల్లెల్లో కాలా అజార్ సోకిందంటే నెల రోజులపాటు రోజూ సూది పొడిపించుకోవాల్సిందే. కూలి పోయేది, అప్పు మిగిలేది. 1990ల్లో ముజఫర్‌పూర్ ప్రాంతంలో అంత బాధపడ్డా సగానికి పైగా రోగులకు జబ్బు నయం కాలేదు. మందు పాతదే, యాంటిమొనీ. 1920ల్లో కలకత్తాలో కరెంటు, గ్యాసు, కుళాయి లేని చిన్న గదిలో ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి తయారుచేసిన యూరియా స్టిబమైన్‌లో ఉన్నదీ అదే. అలాంటి మందు ఎందుకు మొరాయించింది?

జవాబు కొంతవరకు ఒక ఎంజైమ్ దగ్గరుంది. మన కణాలను విషాల నుంచి కాపాడేది గ్లూటాథయోన్. వాడిన సరుకును మళ్లీ పనికొచ్చేలా చేసేది గ్లూటాథయోన్ రిడక్టేజ్. ఇసుక ఈగ కాటుతో ఒంట్లోకి చేరే లీష్మేనియా పరాన్నజీవికి ఆ ఎంజైమ్ లేదు. రెండు గ్లూటాథయోన్‌లను స్పెర్మిడిన్‌తో ముడివేసి ట్రైపనోథయోన్ తయారుచేసుకుంటుంది. అలన్ ఫెయిర్‌లాంబ్, ఆంథొనీ సెరామీ బృందం 1985లో కనిపెట్టింది దీన్నే. దాన్ని తాజాగా ఉంచేది ట్రైపనోథయోన్ రిడక్టేజ్. ఈ కవచంతోనే ఆ సూక్ష్మజీవి తనను మింగిన రక్షక కణంలోనే కాపురం పెడుతుంది. యాంటిమొనీ ఆ ఎంజైమ్‌లోని గంధకాన్ని పట్టేసి దాన్ని పడకేయిస్తుంది. మొండికేసిన కొన్ని పరాన్నజీవుల్లో ట్రైపనోథయోన్ నిల్వలే పెరిగాయి.

ఎవరి తప్పు? అరకొర మోతాదులిచ్చిన నాటువైద్యులదని చాలాకాలం అన్నారు. అందులో నిజముంది. కానీ గంగాతీరపు బోరునీళ్లలోని ఆర్సెనిక్ రసాయనికంగా యాంటిమొనీకి దగ్గరి చుట్టం. ఆర్సెనిక్ నీళ్లు తాగిన ఎలుకల్లో తరాల తరబడి పెరిగిన లీష్మేనియా యాంటిమొనీని తట్టుకుందని ఫెయిర్‌లాంబ్ బృందం 2013లో తేల్చింది. మనుషుల్లో ఈ లంకె రుజువు కాలేదు. మంచినీళ్ల కోసం వేసిన బోరే మందును చెడగొట్టి ఉంటే అంతకన్నా విషాదం ఏముంటుంది?

ఇప్పుడు యాంటిమొనీ తెరమరుగైంది. ఒక్క విడత లైపోసోమల్ యాంఫోటెరిసిన్‌తో చికిత్స ముగుస్తోంది. 2007లో దేశంలో 44 వేలు దాటిన కేసులు 2023లో వెయ్యి లోపుకు దిగాయి. ఆ ఏడాదే బంగ్లాదేశ్ ఈ జబ్బును నిర్మూలించిన తొలి దేశంగా గుర్తింపు పొందింది.

అయితే జ్వరం తగ్గిన కొందరికి నెలల తర్వాత, ఏళ్ల తర్వాత చర్మంపై మచ్చలు లేస్తాయి. నొప్పి ఉండదు కాబట్టి వాళ్లు ఆసుపత్రి గడప తొక్కరు. ఆ మచ్చల్లోని పరాన్నజీవి మళ్లీ ఈగకెక్కుతుంది. మనిషిలో లేని ఎంజైమ్ కాబట్టి దానికి గురిపెట్టడం తేలికేననుకున్నారు. తీరాచూస్తే దాని పనిని దాదాపు పూర్తిగా ఆపితే తప్ప సూక్ష్మజీవి చావదు. దానికోసమే రూపొందించిన మందేదీ ఇంకా రోగి దాకా రాలేదు.