యంత్రములయందలి స్థిరవిద్యుత్తు

ఎండిన తలవెండ్రుకలను ప్లాస్టిక్ దువ్వెనతో దువ్వి, దానిని చిన్న కాగితపు ముక్కలచెంతకు తెచ్చినచో అవి లేచి దువ్వెనకు అంటుకొనును. పూర్వము గ్రీకులు తృణమణిని రుద్ది ఈ వింతనే చూచిరి. రెండు వస్తువులు ఒరసికొని విడిపోవునపుడు ఒకదానినుండి మఱియొకదానికి ఎలక్ట్రానులు చేరును. అట్లు కలిగిన ఆవేశము పోవుటకు దారి లేక నిలిచియుండుటచే దీనిని స్థిరవిద్యుత్తు అందురు.

బాలురకు ఇది వినోదమే. ఎలక్ట్రానిక్ పరికరములు చేయు కర్మాగారములకు మాత్రము పెద్ద బెడద. మన వ్రేలికి చురుక్కుమని తగులుటకు సుమారు 3,000 వోల్టులు కావలెను. కొన్ని సున్నితమైన సిలికాను బిళ్లలు 100 వోల్టులకు లోపలనే చెడును. అనగా తాకినవానికి ఏమియు తెలియకయే వస్తువు పాడగును. అంతకంటె కష్టమేమనగా, కొన్ని బిళ్లలు లోపల గాయపడియు పరీక్షలో నెగ్గి, కొన్నవాని యింట కొన్ని నెలలకు ఆగిపోవును.

యంత్రములు లోహముతోనే చేయుదురు కదా, తీగతో నేలకు కలిపిన చాలదా యని శంక కలుగవచ్చును. ఇచ్చటనే చిక్కున్నది. తేలికయని అనేక యంత్రభాగములను అల్యూమినియముతో చేయుదురు. అది మెత్తని లోహము. గీతలు పడును, పొడి రాలును. కావున దానిని ఆమ్లద్రావణములో ముంచి, విద్యుత్తు ప్రసరింపజేసి, పైన గట్టి ఆక్సైడు పొరను పెంచుదురు. దీనికి ఆనోడీకరణమని పేరు. కొన్ని కిటికీల అల్యూమినియపు చట్రములకును ఇట్టి పొరయే యుండును. మందము మిల్లీమీటరులో సుమారు నూఱవ వంతు. అయినను అది పింగాణివలె విద్యుత్తును అడ్డగించును. చూచుటకు లోహము, పైనున్నది మాత్రము బంధకము! దానిపై వస్తువులు జారుటచే పుట్టిన ఆవేశము అడుగు లోహమును చేరలేక అచ్చటనే నిలిచిపోవును. అట్టి రెండు భాగములను మరలతో బిగించినను వాని నడుమ విద్యుత్తునకు దారి ఏర్పడునని నమ్మరాదు. బిగించుచోట పొరను గీకివేయవలసి యుండును.

అట్లని బిళ్లలు తాకుచోట వట్టి లోహమును ఉంచుటయు మేలు కాదు. ఆవేశము గల బిళ్ల లోహమును తాకిన క్షణముననే ఆవేశమంతయు ఒక్కుమ్మడి ప్రవహించి బిళ్లను కాల్చును. గట్టు తెగిన చెరువునకును, తూము తెరచిన చెరువునకును ఎంత భేదమో ఇచ్చటను అంతే. కావున అట్టి చోట్ల లక్ష ఓములనుండి 100 కోట్ల ఓములవరకు నిరోధము గల పూతలను వాడుదురు. ఆవేశము వానిగుండ మెల్లగా దిగి నేలను చేరును. బిళ్లలు తాకని చట్రములకు నికెల్ పూత చాలును; అది గట్టిది, విద్యుత్తును చక్కగా పోనిచ్చును.

ఏ పూతయైనను వాడుకలో అరుగును. కంటితో చూచి దాని నిరోధమును చెప్పుట నిపుణులకును సాధ్యము కాదు. అందుచే కొలుచు పరికరముతో అప్పుడప్పుడు పరీక్షించుచుందురు.